మౌనానికి టైము ఎవరిస్తారు?

"ఇంకో గంట ముందు లేవండి." ప్రార్థనకు టైము దొరకడం లేదని ఎవరు చెప్పుకున్నా మన క్రైస్తవ సంఘాల్లో వచ్చే జవాబు ఇదే. ప్రసంగంలో వింటాం, స్త్రీల కూటంలో వింటాం, పెళ్లికి వెళ్తే పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ నోటా వింటాం. ఆధారంగా ఏసుప్రభువు గురించిన మార్కు సువార్త మొదటి అధ్యాయం 35వ వచనం చూపిస్తారు. "ఆయన పెందలకడనే లేచి, ఇంకను చాల చీకటి యుండగానే బయలుదేరి, అరణ్యప్రదేశమునకు వెళ్లి, అక్కడ ప్రార్థన చేయుచుండెను."

ఆ వచనం అంటే నాకు ప్రాణం. మార్కు సువార్త తెలుగులో అచ్చయిన కథ మా విశాఖపట్నంతోనే ముడిపడి ఉంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ ఇష్టం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ ఊరొచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో ఇక్కడే తర్జుమా సాగింది. 1809లో క్రాన్, మరుసటి ఏడు డెస్ గ్రాంజెస్ కన్నుమూశారు. వాళ్లు పోయాక 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సెరాంపూరులో అచ్చయ్యాయి. అంత కష్టపడి మన చేతికందించిన మాటను ఇవాళ గాజువాక, మల్కాపురం, జ్ఞానాపురం ఇళ్లలో అలసిపోయిన ఆడవాళ్లను నిందించడానికి వాడుతుంటే మాత్రం నాకు బాధగా ఉంటుంది.

వాళ్లు ఎన్నింటికి లేస్తున్నారో ఎవరైనా అడిగారా? మా వీధిలో నాలుగున్నరకే వంటిళ్లలో లైట్లు వెలుగుతాయి. కుళాయి వచ్చే వేళకు బిందెలు సిద్ధంగా ఉండాలి. పొద్దున్నే మొదలయ్యే 'ఏ' షిఫ్టుకు వెళ్లే మనిషికి క్యారేజీ కట్టాలి. పిల్లల టిఫిను, వాళ్ల యూనిఫాంలు, అత్తగారి బీపీ మాత్ర, తొమ్మిదిలోపు తను కూడా ఎక్కాల్సిన బస్సు. అలాంటి మనిషిని ఇంకో గంట ముందు లేవమంటే మూడున్నరకు లేవమని చెప్పినట్టే. పైగా అదే బైబిల్లో 127వ కీర్తన ఉంది. "మీరు వేకువనే లేచి చాలరాత్రియైన తరువాత పండుకొనుచు కష్టార్జితమైన ఆహారము తినుచునుండుట వ్యర్థమే. తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు." నిద్ర దేవుడిచ్చిన ఈవి అని నమ్మేవాళ్లం, ఆ ఈవిని మనిషి దగ్గర లాక్కుని ప్రార్థన అనే పేరు ఎలా పెడతాం?

మార్కు మొదటి అధ్యాయం కొంచెం వెనక నుంచి చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. ముందురోజు సాయంత్రం ఊరంతా పేతురు ఇంటి వాకిట్లో చేరింది. రోగులను ఆయన బాగుచేశాడు. ఆ ఇంట్లో వాళ్లకు ఉపచారం చేసినది జ్వరం తగ్గి లేచిన పేతురు అత్తగారు. లూకా ఎనిమిదో అధ్యాయానికి వస్తే, మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది స్త్రీలు తమ ఆస్తి ఖర్చుపెట్టి ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేస్తూ వెంట నడిచారని రాసి ఉంది. ఏసుప్రభువు ఏకాంతం వెనక కూడా ఎవరో వండిన అన్నం ఉంది, ఎవరో మోసిన బరువు ఉంది. సువార్తలు దాన్ని దాచలేదు. మనమే చదివేటప్పుడు దాటేస్తున్నాం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మౌనానికి, ప్రార్థనకు టైము ఎవరికి వాళ్లు ఒంటరిగా పోరాడి సంపాదించుకోవలసిన సొమ్ము అన్నట్టు మాట్లాడుతున్నాం. అది ఇంట్లోవాళ్లు ఒకరికొకరు, సంఘంవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకోవలసినది. ఒకరు కూర్చోవాలంటే ఇంకొకరు లేవాలి. ఈ లెక్క ఒప్పుకోకుండా ఎన్ని ఉజ్జీవ కూటాలు పెట్టినా అలసిన మనిషి అలసినట్టే ఉంటుంది.

నేను ప్రైవేటు స్కూల్లో టీచరుని. మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. షిఫ్టు మారినప్పుడల్లా ఇంటి గడియారం మొత్తం మారిపోతుంది. ఒక వారం ఆయనకు పొద్దున్నే క్యారేజీ కట్టాలి, ఇంకో వారం రాత్రి పదిన్నర దాటాక అన్నం పెట్టాలి, మరో వారం ఆయన పగలంతా నిద్రపోవాలి. వీటన్నిటి మధ్య సంఘం పనులు. ఆదివారం ఆరాధన, మంగళవారం స్త్రీల కూటం, బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీసు, నెలకోసారి ఆల్ నైట్ ప్రేయర్. ఎవరింట్లో పుట్టినరోజైనా, గృహప్రవేశమైనా, చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థమైనా ఒక కూడిక. డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ రౌండ్లు. మేలో వీబీఎస్, అంటే పిల్లలకు వేసవి సెలవుల బైబిల్ బడి. ఇవన్నీ నాకు ఇష్టమే. ఈ సంఘమే నా పురుళ్లకు అన్నం పంపింది, మా మామగారు పోయినప్పుడు రాత్రంతా మా గుమ్మంలో కూర్చుంది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. మా ఇళ్లల్లో దేవుని ఎదుట ఊరికే కూర్చునే టైమును ఎక్కువగా తినేస్తున్నది ఆఫీసు కాదు, టీవీ కూడా కాదు. దేవుని పేరుతో మనం పెట్టుకున్న ప్రోగ్రాములే.

ఈ ప్రోగ్రాముల్లో ఎక్కడా నిశ్శబ్దం ఉండదు. పాటకూ ప్రార్థనకూ మధ్య కీబోర్డు మోగుతూనే ఉంటుంది. ప్రార్థన అంటే అందరం ఒకేసారి గొంతెత్తడం. ఎవరైనా ఊరుకుంటే "బలంగా ప్రార్థించండి" అని మైకులో హెచ్చరిక. గొంతెత్తి ఏడ్చి ప్రార్థించడాన్ని నేను తక్కువ చేయడం లేదు. గొంతెత్తకపోతే ప్రాణం నిలవని రాత్రులు నాకూ ఉన్నాయి. అయితే బిడ్డ కోసం మందిరంలో ప్రార్థించిన హన్నా సంగతి చూడండి. "ఆమె పెదవులుమాత్రము కదలుచుండి ఆమె స్వరము వినబడక యుండెను" అని సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో ఉంది. యాజకుడైన ఏలీ ఆమెను చూసి తాగి ఉందనుకున్నాడు. మందిరంలో అన్నేళ్లు సేవ చేసినవాడికే గొంతు వినబడని ప్రార్థన ప్రార్థనలా కనబడలేదు. దేవుడు మాత్రం విన్నాడు.

మౌనం గురించి మాట్లాడితే కొందరు వెంటనే అనుమానిస్తారు. "ఇది యోగా కాదామ్మా? మనసు ఖాళీ చేసుకుంటే సాతాను వస్తాడు కదా?" అని మా స్త్రీల కూటంలో ఒక అక్క నన్ను నిజంగానే భయపడుతూ అడిగింది. ఆ అక్కకు 62వ కీర్తన చదివి వినిపించాను. "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది." అక్కడ మనసు ఖాళీ కాలేదు, ఒకరిని నమ్ముకుని ఆగింది. హబక్కూకు రెండో అధ్యాయం చివర "ఆయన సన్నిధిని లోకమంతయు మౌనముగా ఉండునుగాక" అని ఉంది. హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్తకు గాలిలో, భూకంపంలో, మెరుపులో కనబడని దేవుడు మిక్కిలి నిమ్మళంగా మాట్లాడే స్వరంలో కలిశాడు. ఇవేవీ ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నవి కావు.

తెలుగు క్రైస్తవుల్లోనే దీనికి ఒక దారి ఉంది, చాలామంది మర్చిపోయారు. 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు విశ్వాసులకు 'సన్నిధి' నేర్పారు. అంటే స్తుతి, ఒప్పుకోలు అయ్యాక మాటలు ఆపి ప్రభువు ఎదుట కనిపెట్టుకుని కూర్చోవడం. మా నాయనమ్మ బైబిలు మిషను మనిషి. నర్సీపట్నం వైపు పల్లెలో పెంకుటిల్లు, నాలుగు గేదెలు, ఇంటినిండా మనుషులు. ఆవిడ గోడవార చాప వేసుకుని, చెంగు తలమీదికి లాక్కుని, రెండు అరచేతులూ మోకాళ్ల మీద తెరిచి పెట్టి కూర్చునేది. ఒక పాట సన్నగా పాడుకునేది, తర్వాత పెదవులు కదిలేవి, ఆ తర్వాత అవీ ఆగిపోయేవి. అరచేతుల్లో పేడ పట్టి పట్టి పగిలిన గీతలు నాకింకా గుర్తే. కూర్చోబోయే ముందు తాతయ్యకు ఒకటే మాట చెప్పేది. "నాను సన్నిధిలోకెల్తన్నాను, పాలు పొంగకుండా సూడండి." తాతయ్య వచ్చి పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. ఆయనకు ఆ ప్రార్థన పద్ధతి పూర్తిగా ఒంటబట్టలేదు, ఆయన పాటల మనిషి. అయినా పాలు చూసేవాడు. మేం గోల చేస్తే వేలు చూపించి బయటికి పంపేసేవాడు. నాయనమ్మ భక్తి గురించి మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. తాతయ్య కాపలా గురించి ఎవరూ చెప్పరు. నాకైతే ఆ రెండూ కలిసి ఒకే ప్రార్థన.

ఇప్పుడు ఆ చాప స్థానంలో ఫోన్ వచ్చింది. తెల్లారకముందే వాట్సాప్ గ్రూపుల్లో వాగ్దాన వచనాలు పడతాయి, పూల బొమ్మల మీద, ఉదయించే సూర్యుడి మీద. వాటికి ఆమెన్ అని పెట్టాలి, లేకపోతే పంపినవాళ్లు నొచ్చుకుంటారు. కూర తరుగుతూ యూట్యూబ్‌లో ప్రసంగం, గిన్నెలు తోముతూ ఇంకో ప్రసంగం, బస్సులో ఇయర్‌ఫోన్‌లో పాటలు. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లలో మనవాళ్లు చాలామంది చెవిలో వాక్యం పెట్టుకునే నడుస్తారు. మంచిదే, విని బలపడినవాళ్లను నేనెరుగుదును. కానీ దేవుని గురించి ఇంకొకరు చెప్పేది రోజంతా వినడం వేరు, దేవుని దగ్గర కూర్చోవడం వేరు. మొదటిది ఎంత పెరిగితే రెండోదాని అవసరం అంత తీరిపోయినట్టు అనిపిస్తుంది, అదే ప్రమాదం. ఆమెన్ పెట్టిన వచనం పదకొండు గంటలకు అడిగితే ఎంతమందికి గుర్తుంటుంది?

మౌనంగా కూర్చుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి కూర్చున్నవాళ్లు భయపడి వదిలేస్తారు. మొదట రోజంతా నెట్టుకొచ్చిన టెన్షన్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. దిద్దని పేపర్లు, చీటీ డబ్బులు, పెద్దవాడి ఇంటర్ మార్కులు, ఎప్పుడో ఎవరో అన్న మాట. ఇలా అయితే ప్రార్థన కుదరలేదనుకుంటాం. నేను ఇప్పుడు అలా లేచిన ప్రతిదాన్నీ పేరు పెట్టి ప్రభువుకు చూపించి ఊరుకుంటాను. వివరించను, సలహా ఇవ్వను. 131వ కీర్తనలో దావీదు తన ప్రాణం చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు ఉందంటాడు. పాలు తాగే పిల్ల తల్లిని చూడగానే ఏడుస్తుంది, ఆకలి. పాలు విడిచిన పిల్ల ఏమీ అడగకుండా ఒళ్లో వాలుతుంది. మన ప్రార్థనలు చాలావరకు అడిగేవే, అడగమని ఆయనే చెప్పాడు. ఏమీ అడగకుండా వాలడం కూడా ఉంటుందని ఈ మూడు వచనాల చిన్న కీర్తన నాకు నేర్పింది.

సేవకూ మౌనానికీ పోటీ పెట్టేవాళ్లకు మార్కు ఆరో అధ్యాయం చూపిస్తాను. శిష్యులు ఊళ్లు తిరిగి పనిచేసి వచ్చారు. భోంచేయడానికి కూడా తీరిక లేనంతగా జనం. ప్రభువు వాళ్లను చూసి "మీరేకాంతముగా అరణ్య ప్రదేశమునకు వచ్చి, కొంచెము సేపు అలసట తీర్చుకొనుడి" అన్నాడు. దోనె ఎక్కారు. జనం కాలినడకన పరిగెత్తి వాళ్లకంటే ముందే అక్కడికి చేరారు. విశ్రాంతి ప్లాను చెడిపోయింది. ఆయన విసుక్కోలేదు, కాపరిలేని గొర్రెల్లా ఉన్నారని కనికరపడి బోధించాడు, ఐదు రొట్టెలు, రెండు చేపలు పంచాడు. ఇక్కడిదాకా అందరం చెబుతాం. తర్వాత జరిగింది చూడండి. శిష్యులను దోనె ఎక్కించి ముందు పంపేశాడు, జనాన్ని తనే వీడుకొలిపాడు, ఆ తర్వాత ప్రార్థనకు కొండెక్కాడు. శిష్యుల్ని ముందు పంపి, ఆ జనాన్ని సాగనంపే పని తన మీద వేసుకున్నాడు. అలసినవాళ్లను "ముందు మీరు వెళ్లండి" అని పంపేవాడు ఇంట్లో ఒకడు, సంఘంలో ఒకడు ఉండాలి.

ఇంటి సంగతే తీసుకోండి. మా ఆయన సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసి వచ్చి పగలు పడుకుంటే ఇల్లంతా గొంతు తగ్గిస్తుంది. టీవీ పెట్టం. పిల్లలు మునివేళ్ల మీద నడుస్తారు. కుక్కరు పెట్టకుండా అన్నం గిన్నెలో వండుతాం. కొరియర్ కుర్రాడు బెల్లు కొట్టేలోపే గేటు దగ్గరికి పరిగెడతాం. ఈ పారిశ్రామిక ప్రాంతంలో ప్రతి షిఫ్టు ఉద్యోగి ఇంట్లో ఇది మామూలే. అంటే ఒక మనిషికి నిశ్శబ్దం ఇవ్వడం మనకు చేతకాదనడానికి లేదు, బాగా చేతనవును. జీతం తెచ్చే నిద్రకు ఇచ్చే మర్యాద ప్రార్థనకు ఎందుకు ఇవ్వం? ఈ మాట మా ఆయనతో అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే సాయంత్రం నేను ఇంట్లో ఉన్న రోజుల్లో ఏడు గంటలకు నువ్వు గదిలోకి వెళ్లు, వంటిల్లు నేను చూస్తాను" అన్నారు. చెప్పినట్టే చేస్తున్నారు. పప్పు తాలింపు ఆయన పద్ధతిలో ఉంటుంది, పిల్లలు అలవాటుపడ్డారు. ఆయన వంతు వచ్చినప్పుడు నేను గుమ్మం కాస్తాను. ఇరవై నిమిషాలే. ఆ ఇరవై నిమిషాల్లో ఎవరూ తలుపు కొట్టరని తెలియడమే సగం ప్రార్థన.

అయితే మాకు తలుపున్న గది ఉంది. "నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అని ప్రభువు చెప్పిన మాట పాటించాలంటే గది ఉండాలి కదా. మా సంఘంలో సగం కుటుంబాలు ఒంటి గదిలో, రెండు గదుల్లో ఉంటాయి. మంచం కింద సామాను, మంచం మీద మనుషులు. వాళ్లు ఎక్కడికి వెళ్లాలి? పాత ఊళ్లో రాస్ కొండ మీద మరియమాత గుడి ఉంది. 1864లో రాస్ అనే ఆయన ఇల్లు కట్టుకున్న కొండ అది, ఆ ఇల్లే తర్వాత ప్రార్థనాలయమైంది. పక్కనే దర్గా కొండ, వేంకటేశ్వర కొండ. కింద పోర్టు కాలువ, ఓడలు నెమ్మదిగా లోపలికి వస్తుంటాయి. మేం క్యాథలిక్కులం కాకపోయినా నేను అప్పుడప్పుడు వెళ్తాను. అక్కడ అన్ని రకాల మనుషులూ వచ్చి ఏ ప్రోగ్రామూ లేకుండా, ఎవరూ మైకు పట్టుకోకుండా, కాసేపు కూర్చుని లేచి వెళ్తారు. ఒకసారి పోర్టు కూలీలా ఉన్న ఒకాయన హెల్మెట్ పక్కన పెట్టుకుని వెనక బెంచీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేనున్నంతసేపూ కదల్లేదు. మన గుళ్లకు మాత్రం ఆదివారం మధ్యాహ్నం వేసిన తాళం మళ్లీ కూటం ఉంటేనే తీస్తాం. లక్షలు పోసి కట్టుకున్న మందిరంలో వారంలో ఎక్కువ గంటలు ఫ్యాన్లు, కుర్చీలు మాత్రమే మౌనంగా ఉంటాయి.

ఆరాధనలో కూడా మౌనం నేర్పాలి, ఎందుకంటే ఇంట్లో చోటు లేనివాళ్లకు దొరికేది అక్కడే. మా పాస్టరు అయ్యగారిని అడిగితే ఒక ఆదివారం ప్రసంగం తర్వాత రెండు నిమిషాలు ఇచ్చారు. ఫ్యాను చప్పుడు మొదటిసారి వినబడింది. కీబోర్డు తమ్ముడు అలవాటుగా ఒక స్వరం నొక్కి చెయ్యి తీసేశాడు. ఒక పిల్ల "అయిపోయిందా?" అంది. ఒక ముసలమ్మ కంగారుగా చుట్టూ చూసి, "ఏటమ్మా, అందరూ ఊరుకుండిపోనారు?" అని పక్కావిడను అడిగి, తర్వాత తనూ తలవంచింది. ఆరాధన అయ్యాక ఒకాయన నా దగ్గరికొచ్చి, ప్రసంగం విన్నాక తనేం చేయాలో ఆలోచించే టైము ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి దొరికిందన్నాడు.

గుడ్ ఫ్రైడే నాడు మరీ అనిపిస్తుంది. పన్నెండు నుంచి మూడు దాకా ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు, మధ్యలో పాటలు. మార్కు సువార్త ప్రకారం ఆ మూడు గంటలూ దేశమంతా చీకటి. మూడు గంటలకు ఆయన "ఎలోయీ" అని కేక వేసేదాకా ఆ చీకటిలో మార్కు ఒక్క మాట కూడా రాయలేదు. మనం ఆ చీకటిని మాటలతో నింపేశాం. ఒక్కో ప్రసంగం పది నిమిషాలు తగ్గించి, ఆ పది నిమిషాలు సిలువ ఎదుట ఊరుకుందామని నా మనవి.

మౌనం ఎక్కువైపోయినవాళ్లు కూడా ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, ఎంవీపీ కాలనీ ఫ్లాట్లలో రోజంతా గొంతు వినబడని పెద్దలకు ఇంకా మౌనంగా ఉండమని చెప్పడం క్రూరం. వాళ్లకు కూటమే మందు. వాళ్ల ఇంటికి వెళ్లి గట్టిగా పాడాలి, టీ తాగి రావాలి.

వచ్చే పెద్దల మీటింగులో నేను అడగబోయేది రెండే. నెలలో ఒక బుధవారం బైబిల్ స్టడీ ఆపి, ఆ సాయంత్రం మగవాళ్లు ఇంటిపని చూసుకుని ఆడవాళ్లను మౌనంగా కూర్చోవడానికి పంపాలి, మరో బుధవారం ఆడవాళ్లు ఇంటిపని చూసుకుని మగవాళ్లను పంపాలి. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మందిరం తలుపు తెరిచి ఉంచాలి. సామాను పోతుందని కొందరు అంటారని తెలుసు. కీబోర్డూ యాంప్లిఫయరూ అయ్యగారి ఇంట్లో పెడదాం. తాళంచెవి వంతులవారీగా తీసుకుందాం, మొదటి వంతు మా ఇంటిది.